బోర్డు మీంచి మాయమైన సెలవు

"నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, నాకు దొరకబోయేవాళ్ళు" అన్నాడు భూతద్దం, కుర్చీ మీద నిలబడి నోటీసు బోర్డుకి గుండుసూది గుచ్చుతూ.

"మొదటి రకంలో ఎంతమంది ఉన్నార్రా?" అన్నాను కుర్చీ పట్టుకుని.

"ఇంకా బోణీ కాలేదు."

వాడు మా గొడుగుల కంపెనీలో పార్సిళ్ళ గుమాస్తా. పక్క బల్ల నాది. నా ఖర్మ అని చదువుకోండి. పోయినేడాది ఒక భూతద్దం కొనుక్కున్న దగ్గర్నుంచి తాను డిటెక్టివ్‌నని వాడికి నమ్మకం కుదిరింది. మాకేమో వాడికో పేరు కుదిరింది.

ఆ రోజు పొద్దున మేనేజరుగారు బోర్డు సర్దే పని వాడికి అప్పజెప్పారు. దాని మీద మూడేళ్ళ కాగితాలు పేరుకుపోయాయి. అడుగున ఏముందో తెలియాలంటే తవ్వకాలు జరపాలి. ఇంకెవరైనా అయితే సెలవులు ఒకపక్క, మీటింగులు ఒకపక్క పెట్టి ఊరుకుంటారు. మావాడు అనుమానాన్ని బట్టి సర్దాడు. 'మంటలు వచ్చినచో మెట్ల మీదుగా దిగవలెను' అన్న కాగితం అన్నిటికన్నా పైకెక్కింది.

"మంటలొస్తాయని వీళ్ళకి ముందే ఎలా తెలుసు?" అన్నాడు కన్ను చికిలించి.

దాని పక్కనే 'నా టిఫిను డబ్బా పోయినది' అన్న చీటీ పెట్టాడు. "డబ్బా పోయిందన్నాడు. మూత సంగతి ఎత్తలేదు. గమనించావా?"

నేను గమనించలేదు. గమనించాలనీ అనిపించలేదు.

నాలుగున్నరకి స్టోర్సు అక్కయ్య సంచి భుజాన వేసుకుని వచ్చింది. గొడుగు బట్ట, కర్రలు, స్ప్రింగులు అన్నీ ఆవిడ చేతిమీదుగానే పోతాయి. ఆఫీసంతా ఆవిణ్ణి అక్కయ్యా అనే పిలుస్తుంది. బోర్డు వంక పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసి బిక్కమొహం వేసింది.

"నా సెలవు కాగితం ఏదీ?"

మా ఆఫీసులో సెలవంటే బోర్డెక్కిన సెలవే. ఓనరుగారి సంతకంతో కాగితం అక్కడ కనబడితేనే మేనేజరుగారు మనిషిని గేటు దాటనిస్తారు. ఓనరుగారు స్వయంగా చెవిలో చెప్పినా చెల్లదు. పైగా ఆ రోజు ఆయన విమానంలో ఉన్నారు, ఫోను మోగదు.

"రేపు పొద్దున్నే అమ్మకి కంటి ఆపరేషను" అంది అక్కయ్య. "నేను పక్కన లేకపోతే బల్ల ఎక్కనని మొండికేసింది. ఇప్పటికే రెండుసార్లు డాక్టరుగారి దగ్గర్నుంచి లేచొచ్చేసింది. ఐదున్నరకి బస్సు. ఆ కాగితం లేకపోతే నేనేం చెయ్యను?"

నాకు నిజంగా జాలేసింది. భూతద్దానికి మాత్రం మొహం వెలిగిపోయింది.

"ఎవ్వరూ కదలొద్దు! ఇది మామూలు దొంగతనం కాదు. దీని వెనక పెద్ద హస్తం ఉంది!"

"బోర్డు సర్దింది నువ్వే కదరా" అన్నాను.

"అందుకే నేరస్థుడు ఈ రోజుని ఎంచుకున్నాడు. తెలివైనవాడు!"

అద్దం పెట్టి బోర్డు పరీక్షించాడు. "చిల్లులు! గోడదాకా దిగాయి. తుపాకీ గుళ్ళు మరీ ఇంత సన్నగా..."

"గుండుసూదులు తమ్ముడూ" అంది అక్కయ్య. "గడియారం చూడు కాస్త."

వాడు గడియారాన్ని కూడా అద్దంతోనే చూశాడు. ఐదుకి పది నిమిషాలుంది. నేను చెత్తబుట్ట బోర్లించి వెతకడం మొదలుపెట్టాను. అక్కయ్య బల్లల కిందికి వంగింది. వాడు వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు.

"మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కడున్నావ్?"

"గేటు దగ్గర బాబూ."

"సాక్షి?"

"గేటే బాబూ."

"ముందే రాసుకొచ్చిన జవాబులా ఉంది" అని నా చెవిలో గొణిగాడు.

ఇంతలో మేనేజరుగారు తాళాలగుత్తితో బయటికొచ్చారు. "ఏమ్మా, కాగితం కనబడలేదా? ఓనరుగారు రేపు సాయంత్రానికి వస్తారు. మళ్ళీ సంతకం చేయించుకో."

"రేపు సాయంత్రానికి అమ్మ ఇంటికెళ్ళిపోతుంది సార్. ఇంక ఎవరు చెప్పినా రాదు."

"రూలు రూలేనమ్మా" అన్నారాయన. ఆయన మొహంలో ఏ కదలికా లేదు.

అక్కయ్య సంచి కింద పెట్టి కూర్చుండిపోయింది. నాకు భూతద్దం పీక నొక్కాలనిపించింది. వాడు సరిగ్గా అప్పుడే బల్లెక్కాడు.

"చాలించండి! నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు!" అంటూ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, మొహం ముందు పట్టుకున్నాడు. "అనుమానితుల జాబితా! ఒకటి, వాచ్‌మన్. అడిగినదానికల్లా జవాబు చెప్తున్నాడు. రెండు, మేనేజరుగారు. ఎప్పుడూ నవ్వరు. ఏదో దాస్తున్నారు. మూడు, నా స్నేహితుడు. చెత్తబుట్ట మీద ప్రత్యేకమైన ఆసక్తి. నాలుగు, అక్కయ్య. తన కాగితం తనే..."

"అదీ!" అని అరిచింది అక్కయ్య.

"ఒప్పేసుకుంది!" అన్నాడు వాడు.

ఆవిడ ఒక్క అంగలో వచ్చి వాడి చేతిలోంచి కాగితం లాక్కుంది. వాడి పక్కన నిలబడిన నాకు వాడి రాతే కనబడుతోంది. ఎదురుగా కూర్చున్న ఆవిడకి రెండోవైపు కనబడింది. పది రోజుల సెలవు, కింద ఓనరుగారి సంతకం, మూలన స్టాంపు.

"ఇది నీ దగ్గరికెలా వచ్చిందిరా?" అన్నాను.

"పొద్దున సర్దుతుంటే వెనకవైపు తెల్లగా ఉన్న కాగితం ఒకటి దొరికింది. కేసు డైరీకి పనికొస్తుందని తీసుకున్నా." ఛాతీ విరిచాడు. "అంటే, దొంగ చేతికి చిక్కకుండా పొద్దున్నుంచీ సాక్ష్యాన్ని గుండెకి హత్తుకుని కాపాడానన్నమాట!"

మేనేజరుగారు కాగితం అందుకుని ముందువైపు చదివారు. తిప్పి వెనకవైపు కూడా చదివారు. రెండో నంబరు దగ్గర ఆగిపోయారు. మా అందరి వంకా చూసి, కష్టపడి, పెదాలు పక్కకి లాగి నవ్వబోయారు. ఆ నవ్వు చూశాక నాక్కూడా ఆయన మీద అనుమానం వచ్చింది.

"వెళ్ళమ్మా, బస్సు పోతుంది" అని కాగితాన్ని తన చేత్తో బోర్డుకి గుచ్చారు.

అక్కయ్య సంచి అందుకుని గుమ్మం దాకా పరిగెత్తి, వెనక్కి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, మొహాన నవ్వు.

"అక్కయ్యా, కృతజ్ఞతలవీ వద్దు. ఇది నా వృత్తి" అన్నాడు భూతద్దం వినయంగా.

"తమ్ముడూ, నిన్ను తిట్టాలని చాలా ఉంది. ఇప్పుడు టైము లేదు. అమ్మ కళ్ళు బాగయ్యాక పది రోజులకి వస్తాగా, అప్పుడు తీరిగ్గా కూర్చుని తిడతా" అని మెట్లు దిగిపోయింది.