మైనస్ గీత లేని పట్టిక

ఆగండాగండి, కొబ్బరిచెట్టుకు మందు పోసేముందు కాస్త ఇది వినండి. 1984లో అమలాపురంలో ఒక కొబ్బరి అభివృద్ధి కార్యాలయం దేశానికి ఒక మహత్తర పట్టికను సమర్పించింది. తయారుచేసింది గణాంక సహాయకురాలు హన్నా. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. పర్మనెంటు చేసే సంతకం అధికారి మాణిక్యాలరావుగారిది.

ఒకటి పెరిగితే రెండోది పెరుగుతుందో తగ్గుతుందో చెప్పేదే సహసంబంధ పట్టిక. హన్నా విశాఖపట్నం వెళ్లి, అంకెలూ ప్రోగ్రామూ చిల్లుల కార్డులమీద పంచ్ చేయించి, కంప్యూటరు చేత లెక్క కట్టించింది. కార్యాలయం వారి వేరుమందుకూ కాయలకూ మధ్య మైనస్ 0.8217 వచ్చింది. అంటే మందు పోసినకొద్దీ కాయలు తగ్గుతున్నాయి!

అధికారిగారు కళ్లజోడు సవరించుకుని పట్టికను ఆమూలాగ్రం పరిశీలించారు. మందు వరసలో, మందు గడిలో, 1.0000 కనబడింది.

"చూసేవామ్మా! మన మందుకీ మన మందుకీ సంబంధం నూటికి నూరు! దీనికింద ఎర్రగీత కొట్టించు."

"ఏదైనా దాంతో దానికి అంతేనండీ..."

"అంత నిలకడ మన ఆఫీసులో ఎవరికుందమ్మా?"

ఇక సుందరీకరణ మొదలైంది. నాలుగు దశాంశాలు రెండయ్యాయి. మూలనుంచి మూలకు గీస్తే పై సగంలోనూ కింది సగంలోనూ అవే అంకెలు కనుక పై సగం చెరిపించి, ఆ ఖాళీలో కొబ్బరిచెట్టు బొమ్మ వేయించారు. చివరికి ఆయన వేలు మైనస్ మీద ఆగింది.

"శుభమా అని పైకి పంపుతుంటే అపశకునంలాగ ఈ అడ్డగీతలేంటమ్మా? తీయించెయ్."

"తీసేస్తే అర్థం తిరగబడిపోద్దండీ."

"అర్థం మార్చమన్లేదమ్మా, అందం చూడమన్నాను. ఇదిగో, నీ పర్మనెంటు కాగితం. ఇందులో ఒక్క అడ్డగీతైనా ఉందేమో చూడు."

హన్నా మళ్లీ విశాఖ వెళ్లింది. మైనస్ గుర్తులన్నీ ఎగరగొట్టడానికి ప్రోగ్రాములో ఒక్క కార్డు చాలింది. పట్టిక ఎంత ముచ్చటగా వచ్చిందంటే, పైవారు పరవశించి మందు రెట్టింపు పోయమన్నారు. హన్నా ఉద్యోగం ఖాయమైంది.

పర్మనెంటు ఉత్తర్వు సంచిలో పెట్టుకుని ఆమె సొంతూరు మామిడికుదురులో బస్సు దిగింది. నలభై చెట్లే ఆధారంగా బతికే తండ్రి పేతురు మందు బకెట్టుతో దొడ్లో నిలబడి ఉన్నాడు. వెనక ఊరంతా బకెట్లతోనే ఉంది.

"పంచాయతీ గోడమీద నీ పట్టిక అంటించేరమ్మా! కింద నీ పేరు చూసి అందరూ వచ్చేసేరు. మొదలెట్టేయమంటావా?"

హన్నా తండ్రి చెవి దగ్గరకు వంగింది.

"మన చెట్లకొద్దు నాన్నా."

పేతురు బకెట్టు కింద పెట్టాడు. వెనక్కి తిరిగి చూశాడు.

"మరి వీళ్లకో?"

సంచిలో ఆ ఉత్తర్వు ఉండగా, మీరైతే ఏం చెబుతారండీ?