పన్నెండు ఉరులు

ఆ గురువారానికి జ్ఞానానందం వేసుకున్న పథకం చిన్నదే. భవానీపూర్‌లోని తన గదిలో అన్నం, పప్పు వండి క్యారియర్‌లో సర్దుకోవాలి. గార్డెన్ రీచ్‌లోని అద్దకం మిల్లుకు చేరగానే దాన్ని బాయిలర్ గోడ పక్కన బుస్సుమనే ఆవిరి పైపుకు తగిలించాలి. మధ్యాహ్నం వేడివేడిగా తినాలి. భార్య దయమ్మ పోయిన రెండేళ్లలో అతనికి వేడిగా దొరికేది ఆ ఒక్క పూటే. పైపు ఎందుకు బుసకొడుతోందని ఎవరినీ అడగలేదు. అడిగితే బాగుచేస్తారని భయం.

క్యారియర్ తగిలించి వచ్చేసరికి గేటు దగ్గర ఇంగ్లీషు నోటీసు ఉంది. బొగ్గు ఆదా చేయడానికి కొత్తగా వచ్చిన ఇంజనీరు శ్యామసుందర్ బాబు అంటించాడు.

"ఏటుందండీ అందులో, గుమాస్తాగారూ?" అన్నాడు బెంగాల్‌కు వలస వచ్చిన శ్రీకాకుళం కూలీల నాయకుడు అప్పలసూరి.

నోటీసులు తెలుగులో చెప్పే పని ఇరవయ్యేళ్లుగా జ్ఞానానందానిదే. యంత్రాల సంగతి అతనికి తెలియదు. 'ట్రాప్' అన్న మాట చూడగానే, చిన్నప్పటి నుంచి చర్చిలో విన్న తెలుగు తడుముకోకుండా నోటికొచ్చింది.

"పాడైపోయిన పన్నెండు ఉరులు తీసివేసి, రేపు పన్నెండు కొత్త ఉరులు బిగించబడును."

బైబిల్లో ఉరి అంటే వేటగాడి ఉచ్చు. శ్రీకాకుళంలో ఉరి అంటే ఉరే.

"ఓలమ్మో! పాతయి పాడైపోనాయంటే, ఇదివరకే వాడేరన్నమాట!" అంది ఊడ్చే జగ్గమ్మ.

"నిజం ఉరి కాదే. ఉజ్జోగాలు పీకేత్తారు," అన్నాడు అప్పలసూరి. "పన్నెండు మందిని!"

పదింటికి ఆ పన్నెండు పేర్లూ పుట్టాయి. పదకొండింటికి నలభై అయ్యాయి. బెంగాలీ కార్మికుల చెవిని ఉరికి తమ మాట 'ఫాంసీ' పడగానే ఎర్రజెండాలు లేచాయి. "చొల్బే నా! సాగదు, సాగదు!" అని మిల్లంతా అరిచింది. యంత్రాలు ఆగాయి. చుట్టూ కార్మికులు కదలనివ్వని ఘెరావ్‌లో చెమటలు కక్కుతున్న శ్యామసుందర్ ముందు అప్పలసూరి కాగితం పెట్టాడు. నోటీసులోని ఇంగ్లీషు మాటనే అందులో దింపారు: యూనియన్ ఒప్పుకోనిదే ఒక్క ట్రాప్‌నూ ముట్టకూడదు. ట్రాపుల మీద ఇంత ప్రేమ ఉన్న కార్మికులను ఆయన ఎక్కడా చూడలేదు. సంతకం పెట్టేశాడు.

"ఒక్కసారి వచ్చి చూడండి, దాదా," అని బెంగాలీలు అన్నను పిలిచినట్టు పిలిచి, శ్యామసుందర్ అందరినీ బాయిలర్ గోడ దగ్గరికి తీసుకువెళ్లాడు. క్యారియర్ కింద, కొబ్బరికాయంత ఇనప ముక్కను చూపించాడు. "ఇదే ట్రాప్. ఆవిరిని ఆపి, నీళ్లను మాత్రం వదలాలి. ఇది పాడై ఆవిరంతా వదిలేస్తోంది. మన బొగ్గు గాలిలో పోతోంది."

"దీనికా ఉరి!" అని జగ్గమ్మ నడుము పట్టుకుని నవ్వింది. జ్ఞానానందం తల దించుకున్నాడు.

అప్పలసూరి నవ్వలేదు. క్యారియర్ వంక చూసి, గొంతు తగ్గించాడు. "మీరు ఊఁ అనండి, గుమాస్తాగారూ. ఇదొక్కటీ ఒగ్గేయమంటాను. కాయితం నా కాడే ఉంది."

జ్ఞానానందం క్యారియర్ దింపుకున్నాడు. ఇంకా వేడిగానే ఉంది. "పక్క మిల్లు మూతపడి మూడేళ్లయింది సూరీ. ఇదీ మూతపడితే చల్లన్నం కూడా ఉండదు. తియ్యనీ."

శుక్రవారం పొద్దునకల్లా పైపు నోరు మూసుకుంది. ఇన్నాళ్లూ పక్కన ఎవరో ఉన్నట్టనిపించింది ఆ బుసవల్లేనని అతనికి అప్పుడు తెలిసింది. క్యారియర్ అలవాటుగా అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వచ్చి చూస్తే, కొత్త ట్రాప్ కింద ఒక ఇనప గమేళా ఉంది. ట్రాప్ ఉండుండి వదిలే మరుగునీళ్లు అందులో పడుతున్నాయి. ఆ నీళ్లలో క్యారియర్ కూర్చుని ఉంది.

"నీళ్లు మాత్రం వదలాలన్నాను కదా, దాదా," అన్నాడు శ్యామసుందర్, కాగితం మీద ఏదో రాసుకుంటూ. "వృథా వేడి వినియోగం అని రిపోర్టులో రాస్తున్నాను. అన్నమని రాయనులెండి, చదివేవాళ్లు ఏదో యంత్రమనుకుంటారు."

జ్ఞానానందం వేడిగా తిన్నాడు. సాయంత్రం బస్సులో, ఈ ఉరుల గొడవంతా దయమ్మకు ఎలా చెప్పాలా అని మొదటి నుంచీ మాటలు కూర్చుకున్నాడు. ఆమె నవ్వవలసిన చోటికి వచ్చేసరికి వాట్‌గంజ్ స్టాప్ వచ్చింది. ఆమె లేదన్న సంగతి అప్పుడు గాని గుర్తు రాలేదు.