కాపెల్‌లో గుర్తింపు సభ

నల్లజాతి స్వరకర్తలను, అందులోనూ మహిళలను, ప్రపంచం ఇంతకాలం గుర్తించకపోవడం ఘోరమని అమెరికాలోని కాపెల్ ఊరి తెలుగు సాంస్కృతిక సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రపంచానికి చేతకాని ఆ పనిని ఒక ఫిబ్రవరి శనివారం, భోజనాలకు ముందే పూర్తిచేయడానికి అధ్యక్షులు విశ్వనాథం గారు పూనుకున్నారు.

గంటన్నర ఆలస్యంగా సభ సకాలంలో మొదలైంది. స్వరకర్తల పేర్లు ఎవరికీ తెలియకపోవడంతో ప్రసంగాలు నిరాటంకంగా సాగాయి. ఒక వక్త త్యాగరాజస్వామిని ప్రస్తుతించి, ఆయన కూడా పియానో వాయించలేదని గుర్తుచేశారు. విశ్వనాథం గారు మాత్రం చదువుకొని వచ్చారు.

"ఫ్లోరెన్స్ ప్రైస్ వంటి మహానుభావురాలిని చర్మం రంగు చూసి పక్కనపెట్టినందుకు ఈ దేశం సిగ్గుపడాలి!" అని గర్జించారు.

గ్రీన్ కార్డు ఇంకా రాలేదు గనుక ఆ సిగ్గులో తమకు వాటా లేదని సభికులు ధైర్యంగా చప్పట్లు కొట్టారు.

ఎట్టకేలకు పియానోకు కాస్త సమయం మిగిలింది. విశ్వనాథం గారబ్బాయి అనీష్ పిలుచుకొచ్చిన నయోమి అనే నల్లజాతి యువతి ప్రైస్ రచన ఒకటి, తన సొంత రచన ఒకటి వాయించింది. రెండోది మొదలయ్యాక పకోడీల దగ్గరున్నవాళ్లు కూడా నమలడం ఆపేశారు. అందరికంటే ముందు విశ్వనాథం గారే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సమితి శాలువా స్వయంగా కప్పి, "ఈ తల్లి ఏ ఇంట అడుగుపెడితే ఆ ఇల్లు ధన్యం!" అన్నారు.

అనీష్ మైకు అందుకున్నాడు.

"థాంక్స్ డాడీ! ఆ ఇల్లు మనదే. నయోమి, నేను మేలో మ్యారేజ్ చేసుకుంటున్నాం."



ముందుగా తేరుకున్నది విశ్వనాథం గారి భార్య కృష్ణకుమారి గారు. నయోమి భుజం మీద జారిపోతున్న శాలువా సర్ది, "రామ్మా, ముందు బిర్యానీ తిందువుగాని" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు.

విశ్వనాథం గారు కుర్చీలో కూలబడ్డారు. సభ్యులు ప్లేట్లతో సహా పరామర్శకు క్యూ కట్టారు.

"ధైర్యంగా ఉండండి సార్, మే దాకా టైముంది" అన్నాడు కార్యదర్శి తేజేశ్వర్.

"పిల్ల బంగారమే అన్నయ్యగారూ. కాకపోతే ఫొటోల్లో ఎలా పడుతుందో..." అన్నారు చంద్రిక గారు.

ఆయనకు ఒళ్లు మండింది. "ఇందాక లేచి చప్పట్లు కొట్టింది మీరే కదయ్యా?"

"అది మ్యూజిక్‌కి సార్" అన్నాడు తేజేశ్వర్ నొచ్చుకుని. "మీరూ అందుకే కదా లేచారు?"

అంతలో వెనకనున్నవాళ్లు త్వరగా కానివ్వమన్నారు. క్యూ చాలా పొడుగ్గా ఉంది. చూసుకుంటే మనమందరం అందులోనే ఉన్నాం.