లోటు అర్థమైన ఊరు

సంసారి ఇంట్లో రాబడి తగ్గి ఖర్చు పెరిగితే దాన్ని దరిద్రం అంటారు. దొరతనం వారింట్లో అదే జరిగితే బడ్జెట్ అంటారు. మొదటిదానికి తలదించుకోవాలి, రెండోదాన్ని మాత్రం ఊరూరా తిరిగి ప్రజలకు విప్పి చెప్పాలి. ఈ పుణ్యకార్యం కోసమే అరకు కొండల కింద లోటు వివరణ కచేరీ అనేది ఒకటి వెలసింది. 1926 నాటి మాట.

దాని అధికారి కృష్ణమూర్తి గారు న్యాయబుద్ధికి పెట్టింది పేరు. "అర్థం కాని లోటును ప్రజల దగ్గర వసూలు చేయడం దోపిడీ, అర్థమైన లోటును వసూలు చేయడం పరిపాలన" అని ఏడో నిబంధన ఆయనే స్వహస్తాలతో రాశారు. కాబట్టి ముందు వివరణ, తర్వాత వేలిముద్ర, ఆ తర్వాతే పన్ను. ఆ ఏడాది లోటులో కొండల వాటా రెండు వందల నలభై రూపాయలు. పన్నెండు ఊళ్లు, ఊరికి ఇరవై. పోడు కొట్టే గొడ్డళ్ల మీద ఆ మొత్తాన్ని పంచుతారు. కట్టనివాడి గొడ్డలి జప్తు. (ఆ రెండు వందల నలభైలో నూట ఎనభై వివరణ కచేరీ జీతాలూ, గుర్రం దాణా. గుర్రం కృష్ణమూర్తి గారింట్లో ఉంటుంది. కొండలు గుమాస్తా నడిచి ఎక్కుతాడు.)

ఆ గుమాస్తా వరహాలరావు. విజయనగరం వైపు మనిషి, మూడేళ్లుగా తాత్కాలికం. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి పదకొండు ఊళ్లు తిరిగాడు. పదకొండు ఊళ్లూ శ్రద్ధగా విని, అరటిపళ్లు పెట్టి, "అర్తం కానేదు బాబూ" అని మర్యాదగా సాగనంపాయి. కొండవాళ్లు అమాయకులని కచేరీలో అందరూ జాలిపడ్డారు. అర్థమైతే ఇరవై రూపాయలు, కాకపోతే చిల్లికానీ కూడా అక్కర్లేదు అన్న చోట అర్థం కాకపోవడంలో అమాయకత్వం పాలెంతో వరహాలరావుకు ఏడో ఊళ్లోనే అనుమానం తగిలింది. నిజానికి పన్నెండు ఊళ్ల మగవాళ్లూ సంతలో కూడి చేసుకున్న కట్టుబాటు అది. ఆడవాళ్లకు చెప్పడం మాత్రం మరిచిపోయారు. మగవాళ్ల కట్టుబాట్లు ఎప్పుడూ అంతే.

మార్చి నెలాఖరున కృష్ణమూర్తి గారు పిలిచారు.

"ఒక్క ఊరి బుర్రకైనా ఎక్కించలేని గుమాస్తా దొరతనానికి దండగ కదటయ్యా! ముప్పై ఒకటో తేదీ లోపల ఒక్క ఊరి వేలిముద్రలైనా రాకపోతే, ఒకటో తేదీ నుంచి నువ్వు పొదుపు పద్దులోకి వెళ్తావు."

వరహాలరావుకు ఇంటి దగ్గర భార్య రత్నాలు, ఇద్దరు పసిపిల్లలు. పొదుపు పద్దు అంటే ఏమిటో వాళ్లకు వివరించక్కర్లేదు.

మిగిలిన ఒక్క ఊరూ పనసగుడ. అక్కడికి వెళ్లడానికే అతనికి మనసొప్పలేదు. పోయిన వానల్లో చలిజ్వరంతో దారిలో పడిపోతే, ఆ ఊరి చిట్టెమ్మ అనే ముసలమ్మ తన గుడిసెలో పడుకోబెట్టి, తొమ్మిది రోజులు సామల జావ పోసి బతికించింది. ఊరు మొత్తానికి ఇరవై గొడ్డళ్లు. ఒకటి ఆమె కొడుకు సోంబరుది. గొడ్డలి పోతే పోడు లేదు, పోడు లేకపోతే సామలూ లేవు.

అతను వెళ్లేసరికి ఇటుకల పండుగ. విత్తనాల ముందు పండుగ అది. మగవాళ్లంతా వేటకు పోయారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురుగడ కట్టి, పేడనీళ్ల కుండలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. వేటతో వచ్చినవాడికి పాట, ఉత్త చేతులతో వచ్చినవాడికి పేడనీళ్లు. ఆచారం అంతే, మొగుడైనా మేనమామైనా మినహాయింపు లేదు. దారిన పోయేవాడు గడ దాటాలంటే ఎంతో కొంత ఇచ్చుకోవాలి. వరహాలరావు రెండణాలు ఇచ్చాడు. (ఏ వివరణా లేకుండా వసూలు కావడం చూసి ముచ్చటపడ్డాడు కూడా.)

"ఏటి బాబూ, ఒల్లు కుదురుగున్నాదా? జరం మల్లీ రానేదు గదా?" అంది చిట్టెమ్మ.

"లేదమ్మా. దొరతనం వారి లెక్క చెప్పిపోదామని వచ్చాను."

"సెప్పు. మగోలొచ్చీదాకా మాకేటి పని?"

రాబడి, వ్యయం, నిల్వ అని పదకొండు ఊళ్లలో చెప్పి చెప్పి నోరు నొచ్చినవాడు, ఆ పూట తేలిగ్గా చెప్పాడు. "ఏడాది మొదట్లో దొరతనం వారు ఇంత తెస్తామని బయల్దేరారమ్మా. వస్తుందని నమ్మి ముందే ఖర్చుపెట్టేశారు. ఏడాది చివరికి చూస్తే అంత దొరకలేదు."

చిట్టెమ్మ అడిగింది: "అంటే, మాంసం తెత్తానని సెప్పి, ఊరందరికీ విందని సాటించేసి, ఉత్త సేతుల్తో తిరిగొచ్చినాడా?"

మూడేళ్ల ఉద్యోగంలో లోటును ఇంత చక్కగా చెప్పగా వరహాలరావు వినలేదు. "అంతేనమ్మా! సరిగ్గా అంతే!" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఏడీ ఆడు?"

"పట్నంలో ఉంటారు. ఇంత దూరం రారు."

"మరాడి బదులు ఎవులొచ్చినారు?"

వరహాలరావు కోటు గుండీ సర్దుకుని, ఉద్యోగ మర్యాద కొద్దీ, "నేనే" అన్నాడు.

కుండ మొత్తం నెత్తిన పడింది. రెండో కుండ కోటు మీద పడింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టి పాడారు. పాట అయ్యాక చిట్టెమ్మే వేణ్ణీళ్లు పోసి, పొడిగుడ్డ ఇచ్చి, జావ పెట్టింది. "కోపం నేదు నాయినా. ఆసారం."

తడవకుండా మిగిలినది సంచీలోని కాగితం ఒక్కటే. "ఇదేటి?" అని ఆమె అడిగింది.

"లోటు మీకు అర్థమైందని రాసిన కాగితం."

"అర్తమైంది గదా! ఏలిముద్రెయ్యడానికేటి?"

కాగితంలో దాని కింద ఇంకో వాక్యం ఉంది: అర్థమైనందున చెల్లించగలవారము. అది చదవకుండా వరహాలరావు సిరాడబ్బా మూత తీశాడు. ఆమె పెట్టిన జావ ఇంకా అరగనైనా లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇరవై రూపాయలే కదా, గొడ్డలికి రూపాయే కదా అని సర్దిచెప్పుకున్నాడు. చిట్టెమ్మ వెనకే ఆడవాళ్లంతా వరసగా సిరాలో వేళ్లు ముంచారు.

అడవిపందిని మోసుకుని వచ్చిన సోంబరు తల్లి వేలికి సిరా చూసి పందిని దించేశాడు. "ఏటి సేసినావే అమ్మా?" అన్నాడు.

కచేరీలో కృష్ణమూర్తి గారు వేలిముద్రలు లెక్కించి మురిసిపోయారు. "పనసగుడ నుంచి రెండు వందల నలభై" అని పద్దు రాశారు.

"అయ్యా, ఇరవై కదండీ?" అన్నాడు వరహాలరావు.

"తక్కిన ఊళ్లకు అర్థం కాలేదని నువ్వే కదా రాశావు? అర్థం కానివాళ్ల దగ్గర వసూలు చేయమంటావా? మనమేమైనా దొంగలమా?"

గొడ్డలికి పన్నెండు రూపాయలు తేలింది. పనసగుడలో పన్నెండు రూపాయలు ఒక్కచోట చూసినవాడు లేడు. మే నెలలో జప్తుకు వెళ్లిన జవాన్లకు గొడ్డళ్లు దొరకలేదు, మనుషులూ దొరకలేదు. చల్లారిన పొయ్యిలు, విత్తనం పడని పోడు, దారికి అడ్డంగా వెదురుగడ, దాని పక్కన నిండు పేడనీళ్ల కుండ మాత్రం ఉన్నాయి. ఊరు ఊరంతా ఏ కొండ దాటిపోయిందో ఎవరూ చెప్పలేదు.

వరహాలరావు ఉద్యోగం ఖాయమైంది. ఆ రెండు వందల నలభై ఎందుకు రాలేదో పదకొండు ఊళ్లకు వివరించే పని అతనికే అప్పగించారు. పనసగుడ కొండ మీద లేకపోయినా బడ్జెట్లో మాత్రం చెక్కుచెదరకుండా ఉంది, 'రావలసిన ఆదాయం' అన్న పద్దు కింద. వస్తుందన్న నమ్మకంతో దాన్ని ముందే ఖర్చుపెట్టేశారు.