ముళ్ళపంది డాక్టరుకు తీపిమాటల శిక్షణ

ఒక పెద్ద అడవిలో, అంత అడవికీ కలిపి ఒకటే ఆసుపత్రి. దానికి ఒకడే డాక్టరు, ముళ్ళపంది. మహానుభావుడికి చదువు బ్రహ్మాండంగా వచ్చింది. మాటే రాలేదు.

ఒకరోజు దుప్పి సుభద్రమ్మ కుంటుకుంటూ వచ్చింది. గిట్టలో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. పులి తిరిగే అడవిలో దుప్పికి కాలంటే ప్రాణమే కదా! పాపం, వణికిపోతోంది.

డాక్టరు తల ఎత్తలేదు. చీటీ మీద గీకుతూనే, "ఇవాళే కొయ్యాలి. లేకపోతే కాలు పోద్ది. నెక్స్ట్!" అన్నాడు.

"కొయ్యడమా? బాబూ, నొప్పెడుతుందేమో..."

"డాక్టరు నువ్వా, నేనా?"

సుభద్రమ్మ ఏడ్చుకుంటూ తిన్నగా ఎలుగుబంటి వరహాలయ్య దగ్గరికి పోయింది. అతగాడికి వైద్యం ముక్క రాదు. కానీ హస్తవాసి మంచిదని అడవంతా పేరు. కాలు ఒళ్ళో పెట్టుకుని, "అయ్యో తల్లీ, ఎంత చిక్కిపోయావమ్మా! పిల్లలు బాగున్నారా?" అంటూ తేనె రాశాడు. అడక్కుండానే ఓ సూది కూడా పొడిచాడు. అందులో ఉన్నవి వాగునీళ్ళు.

సగం నొప్పి అక్కడే పోయిందంది సుభద్రమ్మ. చీము మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇలా రోగులంతా వరహాలయ్య గుహకి, ఫిర్యాదులన్నీ మృగరాజు గుహకి చేరాయి. సింహానికి చిర్రెత్తుకొచ్చింది.

"వైద్యం సంగతి తర్వాత! ముందు వాడి నోరు బాగుచెయ్యండి. ఆ ఎలుగుబంటి చేతే శిక్షణ ఇప్పించండి!"

మూడు రోజుల శిక్షణ. నవ్వాలి. 'అమ్మా' అనాలి. కొయ్యడం, పోవడం లాంటి అశుభం మాటలు చచ్చినా ఎత్తకూడదు. మూడో రోజుకి మన డాక్టరు నూనె రాసి ముళ్ళు కూడా దువ్వేసుకున్నాడు.

మర్నాడే సుభద్రమ్మ మళ్ళీ వచ్చింది. కాలు మోకాలి దాకా వాచిపోయింది. చూడగానే డాక్టరుకి సంగతి అర్థమైంది. 'ఇవాళే' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ మూల కూర్చుని కాకి మార్కులు వేస్తోంది, మృగరాజు పంపిన కాకి!

"అమ్మా, కాలు బంగారంలా ఉందమ్మా," అని నవ్వాడు. "చిన్న పనొకటుంది. వీలు చూసుకుని రండి. పిల్లలు బాగున్నారా?"

కాకి పదికి పది వేసింది.

సుభద్రమ్మ పొంగిపోయింది. వీలు చూసుకోమన్నారు కదా అని చెల్లెలి కూతురి పెళ్ళి చూసుకుని, అప్పగింతల్లో కాసేపు ఏడ్చి, పన్నెండో రోజున వచ్చింది. వచ్చిందేమిటి, నలుగురు మోసుకొచ్చారు. కాలు మోకాలి పైదాకా తీసెయ్యాల్సొచ్చింది.

తెలివొచ్చాక సుభద్రమ్మ బావురుమంది. "ఇంక నేను పరిగెత్తేదెలా బాబూ? 'భయపడకమ్మా, నేనున్నాను, కానీ ఇవాళే కొయ్యాలి' అని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

డాక్టరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నిజంగానే.

"ఆ రెండూ కలిపి చెప్పొచ్చని నాకు ఎవరూ చెప్పలేదమ్మా."

ఆ ఏడాది ఆసుపత్రి మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని మృగరాజు ముళ్ళపందికి శాలువా కప్పాడు. అది చిరిగిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

నీతి: రోగి నవ్వుతూ బయటికెళ్తే చాలు, ఎన్ని కాళ్ళతో వెళ్ళాడన్నది వైద్యశాస్త్రానికి అనవసరం.