లింకు తెరవనివాడే ధన్యుడు

లింకు ఉన్నది తెరవడానికి కాదు మహాప్రభో, పంపడానికి! ఈ చిన్న సంగతి తెలియక ఇంకా కొందరు అమాయకులు దాన్ని నొక్కి, లోపలికి పోయి, చివరిదాకా చదివి కళ్ళు పాడుచేసుకుంటున్నారు. వాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

మా కడప జిల్లావాళ్ళు అట్లాంటి పొరపాటు చేయరు. జమ్మలమడుగులో కాలు విరిగినవాడికి ఎవరో కిడ్నీ రాళ్ళ వైద్యం లింకు పంపుతారు. అతను దండాల బొమ్మ పెట్టి, దాన్ని పంటినొప్పితో మూలుగుతున్న బామ్మర్దికి పంపుతాడు. అందరికీ సంతోషమే! పులివెందులలో ఇద్దరు ప్రాణస్నేహితులు ఒక లింకు మీద పొద్దున మొదలుపెట్టి సందేళదాకా తిట్టుకున్నారు. ఇద్దరూ దాన్ని తెరవలేదు. తెరిచుంటే అది చీరల డిస్కౌంటు ప్రకటన అని తెలిసి, అంత మంచి చర్చ మొదట్లోనే చచ్చిపోయేది కదా!

పూర్వం ఒకరిని మెచ్చుకోవాలంటే వాళ్ళు రాసింది చదవాల్సి వచ్చేది. పరామర్శించాలంటే బస్సెక్కాల్సి వచ్చేది. ఎంత శ్రమ! ఇప్పుడు బొటనవేలు చాలు. ఇంతకన్నా వరం ఏముంటుంది?

కాదనేవాళ్ళు ప్రొద్దుటూరు జనార్దనం మాస్టారి సంగతి వినాలి.

మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. తరగతిలో ఆయన నోరు విప్పితే బెల్లు కొట్టినా ఆగేది కాదు. ఇంట్లో మాత్రం భార్య విశాలాక్షి ఎదుట ఒక్క మంచి మాట పెగిలేది కాదు. పాపం, ప్రేమ లేక కాదు, సిగ్గు. ఆ సిగ్గు భరించలేక ఒక ఇంటర్నెట్ పత్రికకు వ్యాసం రాశారు. పేరు ‘విశాలాక్షి లేకుంటే నేను లేను’. అందులో మనసంతా విప్పేశారు. పెళ్ళైన కొత్తలో ఆవిడ పెట్టిన చారు ఉప్పు కషాయంలా ఉన్నా, ఆమె మొహం చిన్నబోతుందని కిక్కురుమనకుండా తాగిన సంగతి కూడా రాసేశారు. పైన షష్టిపూర్తి నాడు ఇద్దరూ పూలమాలలు వేసుకుని దిగిన ఫోటో.

ఇక ఆవిడ చదవాలి. ఆయనకు కావలసింది అదొక్కటే! కానీ ‘ఇదిగో, నీమీద రాశాను’ అని ఎట్లా చెప్పడం? అందుకని మాస్టారు హాల్లో కూర్చుని లింకును బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. విశాలాక్షి గారు పక్కనే వంటింట్లో ఉన్నారు. చూశారా లింకు మహిమ! పిలిస్తే పలికే దూరంలో ఉన్న పెళ్ళానికి సెల్ టవర్ మీదుగా కబురు పంపవచ్చు.

ఫోను టింగుటింగుమంటూనే ఉంది. మాస్టారికి ఒళ్ళంతా పులకరింత. అయినా సిగ్గుకొద్దీ గ్రూపు వైపు చూడలేదు. పత్రికలో వ్యాసం కిందున్న అంకెనే చూస్తున్నారు. ‘చదివినవారు: ఒకరు.’ ఆ ఒకరూ ఆయనే. మళ్ళీ చూశారు. ఒకరే. మరి ఈ టింగులన్నీ ఏమిటి?

అవతల జరిగింది ఇదీ. పులివెందులలో విశాలాక్షి గారి అన్న అనంతకృష్ణ చూపు ఆనక ఫోనులో అక్షరాలను గుమ్మడికాయలంత చేసుకున్నారు. ఆ తెర మీద ఫోటోలో మాస్టారి వైపు కత్తిరించుకుపోయి, మాల వేసుకున్న విశాలాక్షి గారు ఒక్కరే మిగిలారు. కింద వ్యాసం పేరులో తెరకు పట్టినంతే కనిపించింది. ‘విశాలాక్షి లే...’

అంతే! ఆయన ఘొల్లుమని ‘ఓం శాంతి’ పెట్టి, లింకును ఇంకో నాలుగు గ్రూపులకు పంపారు. వెనకాలే ఓం శాంతుల వరద. తాలింపు మధ్యలో విశాలాక్షి గారు ఫోను చూసి, ఎవరో పాపం అనుకుని, తానూ ఒక ‘ఓం శాంతి’ పెట్టారు. ఎవరో దానికి ‘ధైర్యంగా ఉండండి’ అని జవాబిచ్చారు!

మధ్యాహ్నానికి ఇంటిముందు ఆటో ఆగింది. అందులోంచి గులాబీల మాలతో అనంతకృష్ణ, ఏడుస్తూ మాస్టారి చెల్లెలు జమ్మలమడుగు వనజమ్మ దిగారు.

“వదినా! మమ్మల్నిడ్సి యాడికి పోతివి వదినా!”

“యాడికీ పోలేదు, ఈడే ఉండా. పప్పు తాలింపు పెడ్తాండా,” అంటూ గరిటెతో బయటికొచ్చారు విశాలాక్షి గారు. “ఏందన్నా, చెప్పకుండా వచ్చినావు? ఆ మాల ఎవరికి?”

“నీకేమ్మా!” అనేసి అనంతకృష్ణ నాలుక కరుచుకున్నారు. తర్వాత తేరుకుని కోప్పడ్డారు. “నువ్వు గూడా ఓం శాంతి పెడితివి కదమ్మా!”

“అందరూ పెడ్తాంటే మనం పెట్టకుంటే బాగుంటాదా?”

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. “బావా, ఆ లింకు తెరిచి చూడగూడదా?”

“తెరిస్తే బ్యాంకులో దుడ్లు పోతాయంట బావా!”

“మరి అందరికీ ఎందుకు పంపినావు?”

“పదిమందికీ తెలియాల కదా!”

విశాలాక్షి గారు గరిటె దించి మాస్టారి వైపు తిరిగారు. “ఇంతకీ ఏం రాసినారు?”

ఇదే సమయం! ఇన్నేళ్ళ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా బావ, చెల్లెలు. “అది... లింకులో ఉంది,” అన్నారు మాస్టారు నేల చూపులు చూస్తూ. ఆవిడ నిట్టూర్చి విస్తళ్ళు వేశారు. బంధువులు తృప్తిగా తిన్నారు. మాలను ఏం చేయాలో ఎవరికీ తోచక గేటుకు తగిలిస్తే, వీధిలో పోయే ఆవు తినేసింది.

మాస్టారు ఆ రాత్రి దిగులుగా పడుకున్నారు. బంధువులు కదిలొచ్చారు గానీ వ్యాసం చదివిన పాపాన ఎవరూ పోలేదు.

మర్నాడు భోజనంలో చారు నోట్లో పోసుకున్నారు. చప్పగా ఉంది! ఉప్పు రవ్వంత కూడా లేదు. ఇన్నేళ్ళలో ఎన్నడూ జరగనిది. ‘ఉప్పు...’ అనబోయి, గుటక మధ్యలో ఆగిపోయారు. ఆయన కళ్ళు మెరిశాయి. చదివింది! విశాలాక్షి చదివింది!

ఆవిడ మజ్జిగ చిలుకుతూ ఇటు తిరగకుండానే అన్నారు. “ఉప్పెక్కువైందని ఆ పొద్దే చెప్పొచ్చు కదా? నోట్లో ఏమన్నా లింకు అడ్డమొచ్చిందా?”

మాస్టారు ఆ చప్పటి చారు పూర్తిగా తాగి, మళ్ళీ పోయించుకున్నారు. అప్పుడు గొంతు సవరించుకుని, ఏ టవరు సాయమూ లేకుండా అన్నారు. “విశాలాక్షీ, నువ్వు లేకుంటే నేను లేను.”

“వినపడింది,” అన్నారావిడ ఉప్పు డబ్బా ముందుకు తోస్తూ. “ఇంకోసారి చెప్పండి.”