రెబెక్కమ్మ ముందు గది తెరిచిన రోజు

విడవలూరులో రెబెక్కమ్మ ముందు గది తలుపు తీసిందంటే వీధి వీధంతా పని ఆపి చూస్తుంది. ఎందుకు చూడదు? ఇల్లు కట్టి ఇరవై రెండేళ్ళయితే ఆ గది తెరుచుకున్నది ముచ్చటగా నాలుగుసార్లు. గృహప్రతిష్ఠకు పాస్టరుగారు వచ్చినప్పుడు ఒకసారి, కూతురి ప్రధానానికి ఒకసారి. మూడోసారి అత్తగారి శవపేటిక, నాలుగోసారి మామగారి శవపేటిక. మిగతా రోజుల్లో ఆ ఇంటివాళ్ళు వెనక వసారాలో తిని, నడవలో పడుకుని, ప్లాస్టిక్ కవరు తొడిగిన సోఫాను కిటికీలోంచి చూసుకుని మురిసిపోయేవాళ్ళు.

అయిదోసారి ఆ గదికి ఈ శనివారం యోగం పట్టింది. అక్క ప్రేమలీల వస్తోంది. తొమ్మిదేళ్ళ కిందట కృష్ణపట్నం నుంచి బస్సులో దుమ్ము కొట్టుకుని వచ్చిన అక్కను, "వసారాలో కూర్చోక్కా, ముందు గదిలో కవర్లు ఇప్పలేదు" అంది రెబెక్కమ్మ. అంతే! "నీ సోఫాకున్న విలువ తోడబుట్టినదానికి లేదా మే?" అని ప్రేమలీల మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చిన దారినే పోయింది. ఎన్ని క్రిస్మసులు గడిచినా రాలేదు, ఫోను చేస్తే ఎత్తలేదు. మొన్న ఏమనుకుందో ఏమో, తనే ఫోను చేసి "శనివారం పదింటికొస్తా" అని పెట్టేసింది. ఈసారి కూడా అలిగి పోయిందంటే తనకిక అక్క లేనట్టేనని రెబెక్కమ్మకు తెలుసు. ఆ దిగులుతో రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

పొద్దున్నే భర్త హెబ్రోనును లేపి పని చెప్పింది. "మైపాడు పోయి మంచి వంజరం చేప తీసుకురాపో. అక్కకు పులుసంటే ప్రాణం. పోతా పోతా చర్చిలో నాలుగు కుర్చీలు పంపమని చెప్పు."

హెబ్రోను రిటైరైన పంతులు. భార్య మాటకు ఎదురు చెప్పడం మానేసి చాలా కాలమయింది. సరేనని మోపెడ్ తీశాడు. ఫోను ఛార్జింగులోనే మరిచిపోయాడు. కుర్చీల మాట కూడా మరిచిపోయాడు, అది వేరే సంగతి.

రెబెక్కమ్మ కొంగు బిగించి గది తెరిచింది. కవర్లు లాగేసరికి ఏళ్ళనాటి దుమ్ము లేచి తుమ్ములే తుమ్ములు. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారిపోయింది. సోఫా పైన గోడకున్న హెబ్రోను ఫోటో, రిటైరైన రోజు కోటు తొడుక్కుని తీయించుకున్నది, దించి తడిగుడ్డతో తుడిచింది. ఆరుతుందని దాన్ని అరుగు మీద కుర్చీలో ఎండకు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ మసాలా నూరడానికి వెనక వసారాలోకి పోయింది.

ఎదురింటి పేరమ్మ అప్పుడే ముగ్గు పెట్టి తలెత్తింది. ముందు గది బార్లా తెరిచుంది. కుర్చీలో హెబ్రోను ఫోటో ఉంది. రెబెక్కమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ లోపలికి పోతోంది. ఇంకేం కావాలి? ఆ స్థితిలో ఉన్న మనిషిని ఏమని అడుగుతాం? ముగ్గు గిన్నె అక్కడే పడేసి, ఇంట్లో వల బాగుచేసుకుంటున్న మొగుడు ఓబయ్య దగ్గరికి పరిగెత్తింది.

"ఏమయ్యా, హెబ్రోనన్న పోయినాడు! రేత్రి గూడా నాతో నవ్వతా మాట్లాడినాడయ్యా!"

ఓబయ్య నమ్మలేక హెబ్రోనుకు ఫోను చేశాడు. అది ఎదురింట్లో మోగి మోగి ఆగిపోయింది. వసారాలో మిక్సీ హోరులో రెబెక్కమ్మకు వినబడలేదు. "మనిషుంటే ఎత్తడా? రేత్రే ఆసుపత్రికి తీసకపోయుంటారు, శవం ఇంకా రావాలేమో" అని ఓబయ్య తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని చర్చి వైపు నడిచాడు. పేరమ్మ తలలో పెట్టుకుందామని కట్టిన కనకాంబరాల దండ తెచ్చి ఫోటోకు వేసి, అడుగు చప్పుడు కానీయకుండా వెళ్ళిపోయింది.

రెబెక్కమ్మ తలంటుకుని, చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని ముందుకొచ్చేసరికి ఇంటిముందు నలభై కుర్చీలు! 'నాలుగు చాలన్నా గదయ్యా, నీ చెయ్యెప్పుడూ పెద్దదే' అని మనసులో మొగుణ్ణి విసుక్కుంది. ఆ విసుగులో అరుగు మీది ఫోటో వైపు చూడనే లేదు. గదిలోకి తొంగిచూసింది. స్త్రీల సమాజం ఫ్లోరా, ఇంకో అయిదుగురు సోఫా నిండా కూర్చుని ఉన్నారు. అక్క కూర్చోకముందే సోఫా నలిగిపోతోంది! కానీ పొమ్మనడమెట్లా? నిన్న శుక్రవారం కూడికలో తనే లేచి, "మా ఇంటి విషయం, ప్రార్థన చేయండి" అని అడిగింది కదా. అక్క కోసమే వచ్చారు కాబోలనుకుంది.

ఫ్లోరా లేచి చేతులు పట్టుకుంది. "ధైర్యంగా ఉండు రెబెక్కా."

"ఎట్టా ఉండేది ఫ్లోరా? తొమ్మిదేళ్ళుగా ఈ రోజు కోసమే గదా కాచుకోనుండేది."

ఫ్లోరా పట్టుకున్న చేతులు వదిలేసింది. హెబ్రోనుగారు లోపల అంత చెడ్డమనిషా? "ఏమన్నా తిన్నావా మే?" అంది ఎలాగో.

"ఇప్పుడా? పులుసు పెట్టుకోని అందరం కలిసి తిందాం. ఈ రోజన్నా ఇంట్లో సంతోషంగా ఉండాల గదా."

పాపం, దుఃఖం తలకెక్కిందని ఆడవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకుని గొల్లుమన్నారు. వీళ్ళకింత ప్రేమ ఉందా తన మీద, అని రెబెక్కమ్మకూ ఏడుపొచ్చేసింది.

అంతలో గేటు ముందు ఆటో ఆగింది. "పది నిమిషాల్లో ఎనక్కి పోవాల, ఇంజను ఆపబాక" అని ఆటో అతనికి గట్టిగా చెప్పి ప్రేమలీల దిగింది. దారంతా చెల్లెల్ని ఏమేమి అడగాలో కూడబలుక్కుంటూ వచ్చింది. కుర్చీలు చూసింది, జనాన్ని చూసింది, దండ వేసిన మరిది ఫోటో చూసింది. కూడబలుక్కున్నవన్నీ ఎటు పోయాయో! సంచి కింద పడేసి పరిగెత్తుకొచ్చి చెల్లెల్ని వాటేసుకుంది.

"రెబెక్కా! ఒంటిదానివైపోయినావా మే! ముదనష్టపు సోఫా కోసం నిన్ను వొదిలేసుకున్నానే తల్లీ! మరిదిని కడసారి చూసుకోలేకపోతినే!"

ఎవరిని కడసారి చూడడం? రెబెక్కమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అడగలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత అక్క చేతులు వీపు చుట్టూ ఉన్నాయి, అడిగితే తీసేస్తుందేమోనని భయపడింది. అక్క భుజం మీద తల పెట్టుకుని, తను కూడా బావురుమంది.

సరిగ్గా అప్పుడు హెబ్రోను చేపల సంచితో వీధి మలుపు తిరిగాడు. తన ఇంటిముందు జనాన్ని చూసి, రెబెక్కమ్మకేమన్నా అయిందా అనుకున్నాడు. దూరంగానే మోపెడ్ ఆపి, పెద్దమనిషిగా తలమీది తువ్వాలు తీసి, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని చివరి వరుసలో కూర్చున్నాడు. రెబెక్కమ్మ ఏడుపు వినబడింది. అమ్మయ్య, ఆమె కాదు. పక్కన తలొంచుకుని కూర్చున్న ఓబయ్యను మెల్లిగా తట్టాడు.

"ఎవురయ్యా పోయింది?"

"హెబ్రోనన్న" అన్నాడు ఓబయ్య ముక్కు చీదుతూ. తర్వాత తలెత్తి చూశాడు. చూసి, కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

ఆ తర్వాత జరిగిన గోల చెప్పడం నా వల్ల కాదు. పేరమ్మ కెవ్వుమంది. ఫ్లోరా స్తోత్రమంది. హెబ్రోను తన ఫోటోకు దండ చూసి, "బాగుంది, కోటుకు నప్పింది" అన్నాడు. పాస్టరు సుశీల్ కుమార్‌గారు మాత్రం దిగులుపడ్డారు. పాపం, ఆదరణ మాటలు రెండు పేజీలు రాసుకొచ్చారు. అంత కష్టం వృథా పోకూడదని హెబ్రోనే చదవమన్నాడు. తన ఓర్పును గురించిన భాగం వచ్చినప్పుడు, ఇంట్లోకి వినబడేట్టు ఇంకొంచెం గట్టిగా చదవమని బతిమాలాడు.

రెబెక్కమ్మ ధ్యాస ఆ నవ్వుల మీద లేదు. అక్క ఇంకా నిలబడే ఉంది! చెయ్యి పట్టుకుని ముందు గది గుమ్మం దాకా లాక్కుపోయింది. సోఫా మీద ఇసుక వేస్తే రాలనంత మంది. ఏడ్చి ఏడ్చి అలిసి, ఎవరో పెట్టిచ్చిన టీలు తాగుతున్నారు. ఒక్కరూ కదిలేట్టు లేరు. మళ్ళీ అదే పాపం! మళ్ళీ అక్కకు చోటు లేదు!

"అక్కా, ఒక్క నిమిషం, లేపుతానక్కా... నీ కోసమే తెరిచినానక్కా, నీ మీదొట్టు" అంది ఏడుపు గొంతుతో.

ప్రేమలీల అప్పటికే అరుగు మెట్టు మీద కూలబడి మొహం తుడుచుకుంటోంది. "నన్ను ఆ గదిలోకి పిలవబాక మే. నేనేమన్నా పాస్టరమ్మనా? ఇందాక నువ్వు ఒంటిదానివైనావనుకుంటే నాకు ఊపిరాడలేదు. అంత కోపం ఎట్టా పెట్టుకున్నానా అని. ఇట్టా రా, పక్కన కూర్చో."

రెబెక్కమ్మ కూర్చుంది. తెల్లచీరకు మట్టి అంటింది. గదిలో ఎవరో సోఫా మీద టీ ఒలకబోసిన చప్పుడయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

"అక్కా, బయట ఆటో కాచుకోనుంది."

"పంపించెయ్. వారం రోజులుండి పోతా."

రెబెక్కమ్మ ఎగిరి గంతేసినంత పనిచేసి గేటు దగ్గరికి పోయింది. ఆటో ఉంది, అతను లేడు. వెతికితే ముందు గదిలో, సోఫా నడిమధ్య, పాస్టరుగారి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. పులుసు తిన్నాకే పోతానన్నాడు.